తెల్లచేతి పాళికి రెండు పేజీలు

సంగనకల్లు దుర్గక్క జీవితంలో ఎవరి ముందూ చేయి చాచి ఎరగదు. ఈ మాట ఆమే చెప్పుకుంటుంది. ఊరూ ఒప్పుకుంటుంది. ఒప్పుకోనివాళ్లు ఉన్నా ఆమె ఎదుట ఆ సంగతి ఎత్తరు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఏడో తరగతి దాకా కన్నడ బడిలో చదివింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. బళ్ళారి సీమలో ఇదేం వింత కాదు. తెలుగు గడగడా మాట్లాడే దుర్గక్క తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేదు. రాసుకోవాల్సి వస్తే తెలుగు మాటనైనా కన్నడ అక్షరాల్లోనే రాసుకుంటుంది.

ఇరవై రెండు మంది ఆడకూలీల గుంపుకి ఆమె మేస్త్రి. మిరప కోత మొదలైతే పొద్దున ఆరింటికల్లా అందరినీ రెండు టంటం ఆటోల్లో ఎక్కించుకుని కురుగోడు వైపు చేలకి బయల్దేరుతుంది. రెండు టంటంలలో అంతమంది, చంకలో బిడ్డలతో సహా, ఎట్లా పడతారని అడక్కండి. దుర్గక్క ఒక్క కేక వేస్తే పడతారు.

మిరపకాయ కోసిన చేయి ఇంటికొచ్చి పడుకునేదాకా మండుతూనే ఉంటుంది. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఇక అంతే సంగతులు. పెద్దవాళ్లకే ప్రాణం పోయినట్టుంటే పాలు తాగే బిడ్డ గతి చెప్పేదేముంది? చంటిబిడ్డల తల్లులు కూలి మానుకోలేరు, బిడ్డని ఇంట్లో వదిలి రాలేరు. అందుకే దుర్గక్క గుంపులో ఒక కట్టుబాటు ఉంది. రోజుకొక మనిషి కాయ ముట్టకూడదు. దాన్ని తెల్లచేతి పాళి అంటారు. పాళి అంటే వంతు. ఆ రోజు వంతు ఎవరిదో ఆమె చేతులు తెల్లగా, అంటే కారం సోకకుండా ఉండాలి. బిడ్డలందరినీ ఆమే ఆడిస్తుంది, ఆమే ముక్కులు తుడుస్తుంది. పాలవేళకి బిడ్డని తల్లి దగ్గరికి ఎత్తుకుపోతుంది. తల్లి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గట్టు మీద కూర్చుంటే, తెల్లచేతి మనిషే కొంగు తొలగించి బిడ్డని రొమ్ముకి అందిస్తుంది. సాయంత్రం కూలిలో ఆమెకి కూడా అందరితో సమానమైన వాటా. ఈ కట్టుబాటు పెట్టింది దుర్గక్కే. పెట్టి ఇరవై నాలుగేళ్లయింది. ఎందుకు పెట్టిందని ఎవరైనా అడిగితే, "పెట్టినా. నీకేమన్నా కష్టమా?" అని కళ్లెర్ర చేసేది. ఆ తర్వాత ఎవరడుగుతారు?

పోయిన ఏడాది మాత్రం కష్టమే వచ్చిపడింది. రైతులు కూలిని తూకం లెక్కన ఇవ్వడం మొదలుపెట్టారు. ఎన్ని కిలోలు కోస్తే అంత కూలి. కాయ కొయ్యని మనిషికి వాటా ఎవరివ్వాలి? "మాకు చంటిపిల్లలు లేరు, మాకెందుకక్కా ఈ పాళి?" అని కొందరు సణిగారు. ఇద్దరు గుంపు వదిలిపోయారు కూడా. దుర్గక్క అరిచింది, అలిగింది, చివరికి దిగొచ్చింది. పాళి రోజు విడిచి రోజయింది. కోతలు ముగిసేనాటికి వారానికి రెండు రోజులైంది.

ఈ ఏడాది ఆమె గుండెల్లో ఇంకో రాయి పడింది. కొడుకు హొన్నూరుస్వామికి దీపావళి ముందు ఆడపిల్ల పుట్టింది. కాయ ఎర్రబడేనాటికి ఆ పిల్లకి మూడో నెల నిండుతుంది. కోడలు అంబిక అప్పుడే, "నేనూ కోతకొస్తా అత్తా, ఇంట్లో కూర్చుంటే ఎట్ల?" అంటోంది. వద్దనడానికి దుర్గక్కకి నోరెట్లా వస్తుంది? తానూ ఒకప్పుడు అట్లా వెళ్లినదే కదా.

దుర్గక్క అన్న కూతురు మేఘన బళ్ళారిలో సమాజసేవ చదువు చదువుతోంది, గాంధీనగర్‌లో గది తీసుకుని ఉంటుంది. అది ఒక ఆదివారం వచ్చి ఈ గోడంతా విని, "అత్తా, బళ్ళారిలో ఒక ట్రస్టుండాది. ఆడోళ్ల గుంపులు సొంతంగా ఏమన్నా చేస్తామంటే సాయం చేస్తారు. మొదలు కాన్సెప్ట్ పేపర్ ఇయ్యల్ల" అంది.

"కాన్సెప్ట్ పేపరా? అదేందే?"

"ఏం చేయల్ల అనుకున్నారు, ఎందుకు చేయల్ల అని రెండు పేజీల్లో చెప్పేది. నచ్చితే పిలిచి మాట్లాడతారు. కన్నడంలో చేత్తో రాసినా తీసుకుంటారు."

"రెండు పేజీలేనా? ఓస్, ఇంతేనా!" అంది దుర్గక్క.

ఓస్ అన్న మనిషి వారం తర్వాత పదకొండు పేజీలు తెచ్చి మేఘన చేతిలో పెట్టింది. మొదటి పేజీ నిండా మాన్యులైన అయ్యవార్ల పాదాలకి సాష్టాంగ నమస్కారాలే. రెండో పేజీలో తాము ఎంత బీదవాళ్లో. మూడో పేజీలో మళ్లీ పాదాలు. మేఘన నవ్వు ఆపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"యాల నవ్వుతాండావే? ఆఫీసుకు రాసేది ఇట్లనే గదా!"

"ఇది అర్జీ అత్తా. అర్జీలో అడుక్కుంటాం. దీంట్లో అడుక్కునేది లేదు. మాకు ఈ పని వస్తాది, ఇన్నేండ్లుగా చేస్తాండాం, మీరు కలిస్తే ఇంకా బాగా చేస్తాం అని చెప్పేది. అంతే."

అడుక్కునేది లేదన్న మాట దుర్గక్క ఒంటికి బాగా పట్టింది. "ముందే చెప్పింటే అన్ని పాదాలు రాద్దునా? చేయి నొచ్చె గదే!" అని ఆ పదకొండు పేజీలూ చింపి పొయ్యిలో పెట్టి, మేనకోడలికి టీ కాచింది.

రెండోసారి రాసినదాంట్లో పాదాలు లేవు గానీ ఊరంతా ఉంది. దారి బాగోలేదు, పింఛను రాలేదు, మరుగుదొడ్లు లేవు, బస్సు ఆగదు. వీటన్నిటి నడుమ తెల్లచేతి పాళి ఎక్కడో ఇరుక్కుపోయింది. మేఘన కాగితం పక్కన పెట్టింది.

"అత్తా, పిల్లను చూసేకి పోయిన్నాడే పందిరేస్తామా?"

"ఎవురేస్తారే?"

"మరి ఇదీ అట్లే. ఇది పెండ్లి గాదు, చూపులు. ఒక్క కష్టం చెప్పు. దానికి నువ్వు చేసే ఒక్క పని చెప్పు. వాళ్లకి ఆశ పుట్టల్ల. మిగతావి పిలిచినప్పుడు అడుగుతారు."

తర్వాత మేఘన ప్రశ్నలు మొదలుపెట్టింది. గుంపులో చంటిబిడ్డలెందరు? పోయిన కోతల్లో ఎంతమంది కళ్లలో కారం పడింది? పాళి ఉన్న రోజుల్లోనా, లేని రోజుల్లోనా? "శానామందికి" అంది దుర్గక్క. "శానా అంటే ఎవరు నమ్ముతారత్తా, లెక్క కావల్ల" అంది మేఘన.

మర్నాడు పత్తి తీయడానికి పోయే టంటంలో దుర్గక్క లెక్క మొదలుపెట్టింది. పేరు పేరునా అడిగింది. "శానాసార్లక్కా" అన్నవాళ్లని, "శానా గీనా లేదు, వేళ్లు ముడిచి చెప్పు" అని గదమాయించింది. ఒకావిడ చెప్పిన లెక్కని ఇంకొకావిడ దిద్దింది. ఆ రోజు నీది గాదు, నాది పాళి అని ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు. నాలుగు రోజులకి తేలింది. రెండేళ్ల లోపు బిడ్డలు తొమ్మిది మంది. మూడు నెలల కోతలో పద్నాలుగు సార్లు బిడ్డల కళ్లలో కారం పడింది. అందులో పదమూడు సార్లు పాళి లేని రోజుల్లోనే.

పదమూడు! కాగితం మీద ఆ అంకె చూసుకుని దుర్గక్క తానే ఆశ్చర్యపోయింది. ఇరవై నాలుగేళ్లుగా మొండిగా పట్టుకున్న కట్టుబాటు వట్టి మొండితనం కాదని ఆ అంకె చెప్పింది. మర్నాడు టంటంలో అందరికీ వినిపించేలా చదివింది. పోయినేడు సణిగిన సిద్దక్క కూడా, "అంతుండాదా అక్కా?" అని నోరు తెరిచింది. "ఉండాది. నువ్వు చెప్పిందే" అంది దుర్గక్క, ఆ పూటంతా తల ఎగరేసుకునే తిరిగింది.

గడువు ఇంక రెండు రోజులుందనగా మేఘనకి చదువు పని మీద కలబురగి పోవాల్సి వచ్చింది. ఇక ఫోనే దిక్కు. మధ్యాహ్నం పని లేని వేళ దుర్గక్క గడప దగ్గర కూర్చుని, ఫోను భుజానికీ చెవికీ నడుమ ఇరికించుకుని రాసుకుంది.

"మొదలు పేరు రాయత్తా. ఆ తర్వాత అవసరం. ఆ తర్వాత ఏం చేస్తారు, ఎవరు చేస్తారు, ఎన్నాళ్లు. పని అయిందని ఎట్ల తెలుస్తాది. ఆఖర్న ఖర్చు అందాజుగా."

దుర్గక్క కన్నడ అక్షరాల్లో పెద్దగా శీర్షిక పెట్టింది: అవసర. ఇక్కడే మా సీమ మనిషి కాలు జారేది. తెలుగులో అవసరమంటే కావలసింది. కన్నడంలో అవసర అంటే తొందర. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు, రోజుకి పదిసార్లు "అవసర మాడబేడ", తొందరపడొద్దు, అని కన్నడం వాళ్ల నోట వింటూనే ఉంటుంది. కానీ చెవిలో మేఘన తెలుగు మోగుతుంటే చేయి దాన్నే కన్నడంలోకి దింపేసింది. కింద గీత కూడా గీసింది.

"ఇంగొకటి అత్తా. అంకెలొకటే చాలవు. నిజంగా జరిగింది ఒకటి రాయి. ఎవరికి, యాడ, ఎట్ల జరిగెనో. ఐదు లైన్లు చాలు" అని మేఘన ఫోను పెట్టేసింది.

జరిగినవి పద్నాలుగున్నాయి. ఏదో ఒకటి రాయొచ్చు. ఒకావిడ మనవడిది రాయొచ్చు, ఇంకొకావిడ కూతురిది రాయొచ్చు. దుర్గక్క పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అవన్నీ నాలుగు రోజులు ఎర్రబడి నయమైన కళ్లు. నయం కాని కన్ను ఒకటే ఉంది, అది ఆమె ఇంట్లోనే ఉంది.

హొన్నూరుస్వామికి ఎడమ కన్ను కనపడదు. నల్లగుడ్డు మీద తెల్లటి పొర. వాడికి ఊహ తెలిసినప్పటినుంచీ తెలిసిందేమంటే, అయిదో నెలలో అమ్మవారు పోసి కన్ను పోయిందని. రెండో కన్నయినా వదిలిందని ఏటా అమ్మవారికి టెంకాయ కొట్టి వస్తాడు. వాళ్ల నాన్న హుసేనప్పకి అసలు సంగతి తెలుసు. ఆయన ఆ రోజునుంచి ఈ రోజుదాకా పెళ్లాన్ని ఒక్క మాట అన్లేదు. అనకపోవడమే దుర్గక్కకి మింగలేక కక్కలేక అయింది.

ఆ మధ్యాహ్నం ఆమె రాసింది. నా కొడుక్కి అయిదు నెలలప్పుడు మిరప చేన్లో గుక్కపట్టి ఏడిస్తే, నేను కాయ కోస్తున్న చేతులు చీరకి తుడుచుకుని ఎత్తుకున్నాను. వాడి కన్నీళ్లు తుడిచాను. మూడో రోజుకి కన్ను పుండయింది. ఆస్పత్రికి పోయేసరికి ఆలస్యమైంది. నా చేతి వల్ల నా కొడుకు కన్ను పోయింది. సరిగ్గా ఐదు లైన్లు. ఇంకోసారి చదవలేదు. మేఘనకీ చదివి వినిపించలేదు. కవరులో పెట్టి, అంటించి, మర్నాడు బళ్ళారి పోయి స్వయంగా ఇచ్చి వచ్చింది. ఒక జెరాక్స్ మాత్రం ముందే తీయించి చేతిసంచిలో దాచుకుంది.

డిసెంబరులో పిలుపొచ్చింది. హొన్నూరుస్వామి బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పని చేస్తాడు. ఒక పూట సెలవు పెట్టి అమ్మని బండి మీద తీసుకొచ్చాడు. గుంపుకొక మనిషి తోడు రావొచ్చంటే తానూ లోపలికొచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. వద్దనడానికి దుర్గక్కకి సాకు దొరకలేదు. ప్రశ్నలు అడుగుతారేమో గానీ కాగితం పైకి చదవరులే అనుకుంది.

బల్ల అవతల ముగ్గురు. నడుమ కళ్లద్దాల పెద్దాయన కాగితం తిప్పి, శీర్షిక దగ్గర ఆగి నవ్వాడు.

"ఏనమ్మా, అవసర అంత బరెదిద్దీరి! ఏను అష్టు అవసర నిమగె?"

తొందర అని రాశారే, అంత తొందరేమొచ్చింది మీకు అని. పక్కనున్న ఆయన కూడా నవ్వాడు. దుర్గక్కకి అప్పుడు గానీ తన తప్పు తెలియలేదు. తప్పయింది సార్, దిద్దుకుంటాను అనబోయింది. కానీ ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు. నచ్చని చోట తగ్గే మనిషి కాదు.

"తొందరే సార్" అంది కన్నడంలోనే. "నా మనవరాలికి ఇప్పుడు రెండో నెల. వచ్చే నెలలో కాయ ఎర్రబడుతుంది. కాయ మీ మీటింగుల కోసం ఆగదు, బిడ్డ ఆకలీ ఆగదు. మీరు ఉగాది తర్వాత ఇస్తే అప్పటికి కోతలైపోతాయి. పోయినేడు పద్నాలుగు సార్లు. ఈసారి మొదటిది ఎవరి బిడ్డ? మీరే చెప్పండి. మాకు తొందర లేకపోతే ఇంకెవరికుంటుంది?"

పెద్దాయన నవ్వు ఆగింది. చివర కూర్చున్న మేడమ్ ముందుకు వంగింది. "ఈ రోజు పొద్దుట్నుంచి పన్నెండు కాగితాలు చూశాం. ఎందుకు కావాలో అందరూ రాశారు. ఇప్పుడే ఎందుకు కావాలో చెప్పింది మీరొక్కరే" అంది. ఆపైన ప్రశ్నలు వేసింది. తెల్లచేతి మనిషికి మూడు నెలల కూలి, నీడకి ఒక టార్పాలిన్ పట్టా, నీళ్ల డ్రమ్ము, నూనె, సబ్బు. ఇంతేనా? ఇంతే అంది దుర్గక్క. కారం వట్టి నీళ్లకి పోదు మేడమ్, ముందు నూనె రాసి అప్పుడు సబ్బుతో కడగాలి అని కూడా చెప్పింది. పని అయిందని ఎట్లా తెలుస్తుంది? పోయినేడు పద్నాలుగు, ఈ ఏడు సున్నా కావాలి, ఒక్కటి పడినా నేనే వచ్చి చెప్తాను అంది. ఈ కాగితం ఎవరు రాసిచ్చారు?

"ఎవరు రాసిస్తారు? నేనే" అంది దుర్గక్క. ఆ మాట అంటున్నప్పుడు ఆమె వీపు నిటారుగా ఉంది.

ఆ తర్వాత మేడమ్, మిగతా ఇద్దరూ వినాలని, ఆ ఐదు లైన్లూ పైకి చదివింది.

దుర్గక్క వెనక్కి తిరగలేదు. తిరగడానికి ధైర్యం చాల్లేదు. వెనక కుర్చీ ఒకసారి కిర్రుమంది, అంతే. మేడమ్ కాగితం దించి, "జాబితా భోజనాల తర్వాత గోడకి అంటిస్తాం, ఉండి వెళ్లండి" అంది.

బయట మెట్ల మీద తల్లీకొడుకులు కూర్చున్నారు. దుర్గక్క తెచ్చిన రొట్టె, శెనక్కాయ చట్నీ విప్పింది. వాడు తినలేదు. ఆమె కూడా తినలేదు. ఒరే హొన్నూరప్పా అని పిలవబోయి మానుకుంది. ఇరవై నాలుగేళ్లు మోసింది. ఒక్క గంట మోయడం ఇంత బరువని తెలియదు. జాబితాలో పేరుంటే ఎంత, లేకుంటే ఎంత, వీడు ఇంక అమ్మా అని పిలుస్తాడా లేదా అన్నదొక్కటే ఆమెకి కావాలి.

రెండు దాటాక లోపల్నుంచి ఎవరో వచ్చి గోడకి కాగితం అంటించారు. హొన్నూరుస్వామి లేచి వెళ్లాడు. చాలాసేపు నిలబడ్డాడు. వచ్చి ఆమె పక్కనే, ఈసారి దగ్గరగా కూర్చున్నాడు.

"రెండో పేరు మనదే. వచ్చే వారమే ఇస్తారంట" అన్నాడు.

దుర్గక్క తల ఊపింది. ఆ మాట చెవిన పడిందే గానీ లోపలికి పోలేదు.

"కానీ ఆ కాగితంలో ఒక తప్పుండాదమ్మా."

"తెలుసులేరా. అవసర అనే మాట..."

"అది గాదు." వాడు ఆమె చేతిసంచి తీసుకుని, తడిమి, జెరాక్స్ కాగితం బయటికి లాగాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "నా చేతి వల్ల అని రాసినావు. నీ చెయ్యి ఏం చేసె? కడుక్కునేకి ఆ చేన్లో నీళ్లు యాడుండె? సబ్బు యాడుండె? బిడ్డ ఏడిస్తే ఏ తల్లి ఎత్తుకోదు? నీళ్లు లేక పోయింది నా కన్ను. అట్ల రాయల్ల. ఇట్ల రాస్తే తప్పు."

దుర్గక్క ఏడ్చింది. మెట్ల మీద పోయేవాళ్లు చూస్తున్నా ఏడ్చింది. హొన్నూరుస్వామి ఆమె వీపు మీద చెయ్యి వేసి ఊరికే కూర్చున్నాడు. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. గేటు దగ్గర కావలాయనని పెన్ను అడిగి తీసుకుని, అక్కడి గోడ మీదే కాగితం ఆనించి, "నా చేతి వల్ల" అన్నది కొట్టేసి, పైన కన్నడ అక్షరాల్లో "నీళ్లు లేనందువల్ల" అని రాసింది.

పెన్ను తిరిగి ఇస్తూ, కావలాయన ఏమీ అడక్కపోయినా, బండి స్టార్ట్ చేస్తున్నవాడి వైపు చూపిస్తూ చెప్పింది.

"నా కొడుకప్పా. వాడే దిద్దినాడు."